ట్రయంఫ్ టీఆర్6 ఛాసిస్: డిఫరెన్షియల్ పిన్నుల దగ్గర పగుళ్లను పట్టుకోవడం, బాగుచేయడం

క్లచ్ వదిలీ వదలగానే నడుం వెనక నుంచి 'ఠక్'మని ఒక్క దెబ్బ. రివర్స్ గేరు వేస్తే మరోటి. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ టీఆర్6 నడిపేవాళ్లు చాలామంది దీన్ని యూనివర్సల్ జాయింట్ల (తిరిగే షాఫ్టులను కలిపే మడత కీళ్లు) అరుగుదల అనుకుంటారు. జాయింట్లు మారుస్తారు, చప్పుడు అలాగే ఉంటుంది. జాయింట్లు చూడొద్దని కాదు. వాటికంటే ముందు చూడాల్సినవి డిఫరెన్షియల్ (ఇంజన్ తిప్పుడును వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కు, అంటే కారు ఇనుప ఫ్రేమ్‌కు, వేలాడే నాలుగు పిన్నుల మొదళ్లు, అందులోనూ ముందు వరసలోని కుడి పిన్ను. కుడి అంటే సీట్లో ముందుకు తిరిగి కూర్చున్నవారి కుడి. స్టీరింగ్ ఏ పక్కన ఉన్నా లెక్క మారదు.

ఇక్కడ చెప్పేది 1965లో వచ్చిన టీఆర్4ఏ నుంచి 1976లో ఆగిపోయిన టీఆర్6 వరకు, మధ్యలోని టీఆర్5, టీఆర్250తో సహా, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) ఉన్న కార్లన్నిటికీ వర్తిస్తుంది. టీఆర్4ఏని అమెరికాలో రెండు వెనక చక్రాలనూ కలిపి ఉంచే పాత పద్ధతి గట్టి యాక్సిల్‌తో కూడా అమ్మారు. మీది అలాంటిదైతే ఈ పిన్నుల గొడవ మీకు లేదు. టీఆర్6ల్లో సింహభాగం అమెరికాకే వెళ్లాయి కాబట్టి, అక్కడ స్థిరపడి గరాజ్‌లో పాత బ్రిటిష్ కారు పెట్టుకున్న తెలుగువాళ్లకు ఇది ఎక్కువగా పనికొస్తుంది.

అక్కడే ఎందుకు పగులుతుంది

గట్టి యాక్సిల్ ఉన్న కారులో ఇంజన్ తోపుకు వచ్చే ఎదురు తిప్పుడును ఆకు స్ప్రింగులు భరిస్తాయి. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్‌ను ఫ్రేమ్‌కే బిగిస్తారు. ఆ ఎదురు తిప్పుడంతా నాలుగు పిన్నుల మీదుగా ఫ్రేమ్‌లోకి పోవాలి.

అక్కడ రెండు బలాలు పనిచేస్తాయి. చక్రాలను ముందుకు తిప్పేటప్పుడు డిఫరెన్షియల్ ముక్కు, అంటే ముందు కొస, పైకి లేస్తుంది. అమెరికా కార్లలో ఉండే 3.7 గేరు నిష్పత్తికి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే కడ్డీ) తిప్పుడుకు సుమారు 3.7 రెట్ల బలంతో లేస్తుంది. రెండోది ఆ షాఫ్ట్ తిప్పుడే. వెనక నుంచి చూస్తే షాఫ్ట్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, డిఫరెన్షియల్ పెట్టెను కూడా అటే లాగుతుంది. అంటే కుడి పక్క పైకి, ఎడమ పక్క కిందికి. ముందు ఎడమ పిన్ను దగ్గర ఈ రెండు బలాలూ ఒకదాన్నొకటి కొంత తగ్గించుకుంటాయి. ముందు కుడి పిన్ను దగ్గర రెండూ కలుస్తాయి. యాక్సిలరేటర్ వదిలితే దిశ తారుమారవుతుంది. తొక్కినప్పుడల్లా ఒకవైపు, వదిలినప్పుడల్లా మరోవైపు.

ఇక పిన్నును అతికించింది దేనికి? అచ్చులో వంచిన పలచటి రేకుకు. డప్పు చర్మం మధ్యలో కర్ర అతికించి కర్రను అటూ ఇటూ ఊపితే చర్మం ఎక్కడ చిరుగుతుంది? కర్ర చుట్టూ గుండ్రంగా. ఇక్కడా అంతే. వెల్డు అంచు దగ్గర వెంట్రుకంత గీత పుడుతుంది, పిన్ను చుట్టూ ఉంగరంలా పాకుతుంది, చివరికి రేకు ముక్కతో సహా పిన్ను ఊడొస్తుంది.

అందుకే పగులు మీద వెల్డు పూసి మూసేస్తే పని అయిపోదు. రేకు మునుపటిలాగే ఊగుతుంది, కొత్త వెల్డు అంచున మళ్లీ చిరుగుతుంది. చేయాల్సిన అసలు పని ఆ రేకు ఊగకుండా ఆపడం.

విప్పకముందు పరీక్ష

ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. కారు వెనక భాగాన్ని ఎత్తి, ట్రెయిలింగ్ ఆర్మ్‌లకు (వెనక చక్రాలను పట్టుకునే చేతులు) ముందువైపున, ఛాసిస్ దూలాల కింద స్టాండ్లు పెట్టండి. జాకీని డిఫరెన్షియల్ కింద పెట్టి ఎత్తకండి. మీరు పరీక్షించబోయే పిన్నుల మీదే కారు బరువు పడుతుంది, పగులు మూసుకుపోయి కనిపించదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

గట్టి టార్చి పట్టుకుని, పొడవాటి ప్రై బార్‌ను డిఫరెన్షియల్ ముక్కుకూ దానిపైన ఉన్న అడ్డ దూలానికీ మధ్య పెట్టి ఎత్తి దించండి. చూడాల్సింది రబ్బరును కాదు, పిన్ను మొదలును. రబ్బరు నొక్కుకుని ఇనుము కదలకపోతే రబ్బరు మెత్తబడి ఉండొచ్చు, పిన్ను మాత్రం ప్రస్తుతానికి బాగుంది. పిన్ను మొదలు వంగినట్టు కదిలినా, మొదలు చుట్టూ గీత తెరుచుకుని మూసుకున్నా పగిలినట్టే. ఎండిన బురద మీద ఎర్రటి తుప్పు పొడి సన్నటి గీతగా కారి ఉంటే అది కూడా బలమైన ఆనవాలు. పగులు లోపల రెండు అంచులూ రాసుకుంటే వచ్చే పొడి అది.

'ఠక్' చప్పుడుకు వేరే కారణాలూ ఉన్నాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్, హాఫ్ షాఫ్టుల (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు పోయే కడ్డీలు) జాయింట్లు అరగడం, హాఫ్ షాఫ్ట్ జారుడు గాడులు గ్రీజు లేక పట్టేసి ఒక్కసారిగా వదలడం, ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు పోవడం. హాఫ్ షాఫ్ట్ పట్టేసిన కారు మలుపులో యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి చిన్నగా విదిలించినట్టు అనిపిస్తుంది. పిన్ను పగిలితే ఆ విదిలింపు ఉండదు, దెబ్బ మాత్రమే ఉంటుంది.

విప్పడం

పెట్రోల్ ట్యాంకుతో మొదలుపెట్టండి. టీఆర్6లో ట్యాంకు సీట్ల వెనక, సరిగ్గా మీరు వెల్డింగ్ చేయబోయే చోటికి పైన ఉంటుంది. ఖాళీ చేసి అక్కడే వదిలేస్తే చాలదు, ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం. ట్యాంకును దించి షెడ్డు బయట, దూరంగా పెట్టండి. ఇంజెక్షన్ కారైతే డిక్కీలోని పెట్రోల్ పంపు, ఫిల్టరు కూడా తీయాలి. ఛాసిస్ వెంబడి పోయే పెట్రోల్ గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వైర్లు వెల్డింగ్ చోటికి దగ్గరగా ఉంటే విప్పి పక్కకు కట్టండి. సీట్ల వెనక కార్పెట్, ట్యాంకు ముందరి అట్ట తీసేయండి. బ్యాటరీ, ఆల్టర్నేటర్ కనెక్షన్లు విప్పండి.

తర్వాత ఎగ్జాస్ట్ వెనక భాగం, ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు బోల్టులు, రెండు హాఫ్ షాఫ్టుల లోపలి ఫ్లాంజ్ బోల్టులు. ఫ్లాంజ్‌ల మీద ఏది ఎక్కడుందో గుర్తు గీసుకోండి. హాఫ్ షాఫ్టులను తీగతో పైకి కట్టండి, జాయింట్ మీద బరువు వేలాడకూడదు. డిఫరెన్షియల్ కింద గేరుబాక్స్ జాకీ పెట్టి, నాలుగు పిన్నుల నట్లు విప్పి, నెమ్మదిగా దించండి. ఒక్కరు చేతులతో దించే వస్తువు కాదు. తుప్పుపట్టిన నట్టును బలవంతంగా తిప్పితే ఇప్పటికే పగిలిన పిన్ను మొత్తంగా తిరిగిపోతుంది. ముందు రోజే చొచ్చుకుపోయే నూనె పోయండి. అప్పటికీ రాకపోతే నట్టును కోసేయండి, ఎలాగూ కొత్త నైలాక్ (వదులవకుండా పట్టేసే) నట్లే వేయాలి.

శుభ్రం చేసి రంగు పరీక్ష

ఇక్కడ తొందరపడితే పగుళ్లు దాక్కుంటాయి. గ్రైండర్‌కు తగిలించిన వైరు బ్రష్, ఇసుక బ్లాస్టింగ్, ఉప్పు కాగితం డిస్కు, ఇవన్నీ మెత్తటి ఇనుమును పగులు నోటి మీదకు పూసేస్తాయి. ఆ తర్వాత ఏ రంగూ లోపలికి దూరదు. పరీక్ష అయ్యేవరకు గ్రైండర్ పక్కన పెట్టండి. అండర్‌కోటును (కారు అడుగున పూసే పూత) గరిటె బద్దతో గీకి, మిగిలింది పెయింట్ రిమూవర్‌తో, ఆఖరున సాల్వెంట్‌తో తుడవండి. క్లోరిన్ లేని క్లీనర్ మాత్రమే కొనండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మిగిలి ఉన్నచోట వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

రంగు పరీక్షకు మూడు డబ్బాల కిట్టు దొరుకుతుంది: క్లీనర్, ఎర్ర పెనెట్రెంట్, తెల్ల డెవలపర్.

1. పిన్ను మొదలు చుట్టూ కనీసం 75 మిల్లీమీటర్ల మేర, అడ్డ దూలం దూలాలకు అతికే చోట్ల కూడా ఎర్ర రంగు కొట్టండి. 10 నుంచి 20 నిమిషాలు ఆగండి. ఇనుము చల్లగా, 10 డిగ్రీల లోపు ఉంటే రంగు సరిగా దూరదు. చలికాలంలో ముందు హీటరుతో వెచ్చబరచండి.

2. పొడి గుడ్డతో తుడవండి. తర్వాత గుడ్డకు క్లీనర్ తడిపి మళ్లీ తుడవండి. క్లీనర్‌ను నేరుగా ఇనుము మీద కొట్టకండి, పగులు లోపలి రంగు కూడా కడుక్కుపోతుంది. అందరూ చేసే తప్పు ఇదే.

3. డెవలపర్ డబ్బాను బాగా ఊపి, పలచగా ఒక పొర కొట్టండి. మందంగా కొడితే సన్నటి గీతలు మునిగిపోతాయి. 10 నిమిషాల నుంచి అరగంట వరకు చూస్తూ ఉండండి. మొదటి నిమిషంలో ఎక్కడ మొదలైందో, తర్వాత ఎటు పాకిందో రెండూ ఫోటో తీయండి.

పగులైతే ఎర్ర గీత పదునుగా, తెగకుండా వస్తుంది. రేకు మీద రేకు ఎక్కిన అతుకుల వెంబడి కూడా ఎరుపు వస్తుంది. అది వెడల్పుగా, అతుకు గీతకు సమాంతరంగా ఉంటుంది. తుప్పు గుంటలు చుక్కలుగా కనిపిస్తాయి. అనుమానమొస్తే మళ్లీ శుభ్రం చేసి రెండోసారి చేయండి, నిజమైన పగులు అదే చోట అదే ఆకారంలో మళ్లీ కనిపిస్తుంది. అయస్కాంత పొడి పరీక్ష చేసే వర్క్‌షాప్ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. అయితే యోక్‌ను (ఆ పరీక్షలో వాడే అయస్కాంతం) ఒకదానికొకటి అడ్డంగా రెండు దిశల్లో పెట్టి చూడమనండి. అయస్కాంత గీతలకు సమాంతరంగా ఉన్న పగులును ఆ పరీక్ష చూపించదు.

నాలుగు పిన్నులూ అయ్యాక ముందువైపు కూడా వెళ్లండి. కింది విష్‌బోన్ (ముందు చక్రాన్ని పట్టుకునే వీ ఆకారపు చేయి) బ్రాకెట్లు ఛాసిస్‌కు బిగించే చోట్లు ఈ కార్లలో చిరిగే రెండో తావు. పట్టుకునే పద్ధతి, బాగుచేసే సూత్రం రెండూ ఒకటే.

బాగుచేయాలా, ఫ్రేమ్ మార్చాలా

ట్రెయిలింగ్ ఆర్మ్‌లు బిగించే అడ్డ భాగం బురద గూడు. అక్కడ గుండు సుత్తితో చిన్నగా కొట్టుకుంటూ వెళ్లండి. గణగణమంటే సరే. మొద్దుగా పలికితే తుప్పు. స్క్రూడ్రైవర్ మొన దూరిపోతే ఆ రేకు పోయినట్టే. పిన్నులు బ్రహ్మాండంగా బలపరిచి, వాటిని మోసే దూలం తుప్పు తినేసి ఉంటే డబ్బు దండగ. ప్రధాన దూలాల్లోనే చిల్లులుంటే, లేదా పాత రిపేరు మీద రిపేరు పేరుకుపోయి అసలు రేకు ఎక్కడుందో తెలియకపోతే, కొత్త ఛాసిస్ వైపు ఆలోచించడమే మేలు. దూలాలు గట్టిగా ఉండి పిన్నుల దగ్గరే పగిలితే హాయిగా బాగుచేసుకోవచ్చు.

ఒక పిన్నే పగిలినా నాలుగూ బలపరచండి. డిఫరెన్షియల్ ఒకసారి కిందికి దిగాక మిగతా మూడింటికి అయ్యే అదనపు పని ఒక రోజు. బలపరచకుండా వదిలిన పిన్ను కోసం తర్వాత మళ్లీ ట్యాంకు దించాలి.

కోసే ముందు కొలత

పిన్నులు పాత స్థానం నుంచి జరిగితే డిఫరెన్షియల్ ఎక్కదు, ఎక్కినా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వణుకు మొదలవుతుంది. అందుకని 5 లేదా 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీలతో ఒక జిగ్ (పిన్నులు జరగకుండా పట్టి ఉంచే చట్రం) చేసుకోండి. డిఫరెన్షియల్ బిగింపు చిల్లుల మధ్య దూరాలను డిఫరెన్షియల్ మీదే కొలిచి, పట్టీల్లో అవే చిల్లులు వేయండి. పగిలిన పిన్ను వంగిపోయి ఉంటుంది కాబట్టి పిన్నుల మీద కొలవకండి. నాలుగు పిన్నులనూ ఒకేసారి కోయకూడదు. మంచివి మూడు జిగ్‌ను పట్టుకుని ఉండగా నాలుగోదాన్ని మార్చండి, అలా ఒక్కొక్కటిగా తిరగండి. ముందు పిన్నుల నుంచి వెనక పిన్నులకు మూలగా రెండు కొలతలు తీసి రాసుకోండి.

వెల్డింగ్

రేకు పనికి మిగ్ వెల్డింగ్ చాలు. 0.8 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్‌లో 20 నుంచి 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. 2 మిల్లీమీటర్ల రేకుకు సుమారు 70 నుంచి 90 ఆంపియర్లు, 3 మిల్లీమీటర్ల పలకకు 100 నుంచి 120. ఇవి మొదలుపెట్టే అంకెలే, యంత్రాన్నిబట్టి మారతాయి. కారు మీద కొట్టే ముందు అదే మందం తుక్కు రేకులు రెండు నిలువుగా అతికి, వైస్‌లో పెట్టి సుత్తితో వంచి విరగ్గొట్టండి. వెల్డు రేకు నుంచి పెచ్చులా లేచొస్తే వేడి చాలలేదు. రేకే చిరిగితే సరిపోయింది. కింద పడుకుని పైకి చూస్తూ చేసే వెల్డింగ్ కాబట్టి తుక్కు ముక్కను కూడా తలకు పైన ఎత్తులో బిగించే ప్రయత్నించండి, బల్ల మీద వచ్చినట్టు రాదు.

పగులు దూలం వైపుకు పాకి ఉంటే ముందు దాన్ని ఆపాలి. కంటికి కనిపించే చివర నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు సెంటర్ పంచ్ కొట్టి, 3 మిల్లీమీటర్ల చిల్లు వేయండి. మళ్లీ రంగు పరీక్ష చేయండి. చిల్లు దాటి ఎరుపు వస్తే పగులు చివర మీకు దొరకలేదన్నమాట, ఇంకా ముందుకు వేయాలి. తర్వాత పగులు వెంబడి సన్న డిస్కుతో లేదా ఆకురాయితో వీ ఆకారపు గాడి తీసి, రేకు మందం మొత్తం కరిగేలా వెల్డు చేయండి. చిల్లు కూడా నింపండి. పైన గడ్డలా లేచిన వెల్డును రేకు మట్టానికి అరగదీయండి. ఆ గడ్డ అంచే తర్వాతి పగులుకు పుట్టిల్లు.

పిన్ను చుట్టూ ఉంగరంలా చిరిగిన రేకును మాత్రం అతకడానికి ప్రయత్నించకండి. మెరిసే ఇనుము వచ్చేవరకు కోసి తీసేసి, పిన్నుతో సహా కొత్తది పెట్టండి. ఈ పనికోసమే చేసిన పిన్నులు, బలపరిచే పలకలు కిట్లుగా దొరుకుతాయి. షాపులో దొరికిన హై టెన్సైల్ బోల్టును పిన్నుగా అతికించకండి. వెల్డు వేడికి దాని గట్టిదనం పోతుంది, వెల్డు పక్కన పెళుసుగా తయారై ఒకరోజు పుటుక్కుమంటుంది.

ఊగకుండా ఆపడమనే అసలు పని ఇప్పుడొస్తుంది. పిన్ను కూర్చునే పలక 3 మిల్లీమీటర్లది పెట్టండి. పిన్ను ఆ పలక గుండా పైకి దూరి, రెండు ముఖాల మీదా వెల్డు కావాలి. ఆ పలక అంచుల నుంచి అడ్డ దూలం దాకా రెండు పక్కలా నిలువు పలకలు కట్టి చిన్న పెట్టెలా మూయండి. అప్పుడు పిన్ను మీది బలం పలకను వంచదు, పక్క పలకల గుండా దూలంలోకి దిగిపోతుంది. డప్పు చర్మం చుట్టూ గోడలు కట్టినట్టు.

ఈ పలకల ఆకారం దగ్గరే చాలా రిపేర్లు చెడిపోతాయి. మూలలు చదరంగా వదలకండి, గుండ్రంగా కోయండి. పలక దూలం మీద ముగిసే చోట చేప నోరులా చీల్చి ముగిస్తే బలం ఒకే గీత మీద ఆగిపోకుండా మెల్లగా పంచుకుంటుంది. దూలం అంచులకు అడ్డంగా వెల్డు గీయకండి, అంచు నుంచి 15 నుంచి 20 మిల్లీమీటర్ల ముందే ఆపేయండి. ఇక మందం. 'ఎందుకైనా మంచిది' అని 6 మిల్లీమీటర్ల పలక వేసేవాళ్లున్నారు. మందపు పలక ఏమాత్రం ఊగదు, దాని పక్కనున్న పలచటి రేకు ఆ ఊగిసలాట మొత్తం మోస్తుంది. కొన్నాళ్లకు పలక అంచు వెంబడి రేకు కాగితంలా చిరుగుతుంది.

వెల్డు ఒకే దారగా లాగకండి. 20, 25 మిల్లీమీటర్ల ముక్కలుగా, ఒకటి ఇటు, మరోటి ఎదురు మూలన కొట్టి, చేయి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతి ముక్క. నీళ్లు పోసి చల్లార్చకండి. జిగ్ మొత్తం సేపు బిగించే ఉండాలి. కారు లోపల ఒక మనిషి అగ్నిమాపక సిలిండర్‌తో కూర్చోవాలి, పని ఆగాక కూడా ఒక గంట కనిపెట్టుకుని ఉండాలి. అండర్‌కోటు లోలోపల రాజుకుని తర్వాత మంటెత్తడం మామూలే. ఫ్రేమ్ గాల్వనైజ్ చేసినదైతే వెల్డు చోట జింకు పూర్తిగా గీకేసి, గాలి ఆడేచోట మాస్కుతో చేయండి.

బిగింపు

వెల్డు చల్లారాక మళ్లీ రంగు పరీక్ష చేసి, మూలగా తీసిన కొలతలు సరిపోల్చుకోండి. వెనక్కి పెట్టేటప్పుడు రబ్బర్లు నాలుగు జతలూ కొత్తవి వేయండి. పాలీయురెథేన్ మౌంట్లు వేయాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. బలపరచని పిన్నులకు వద్దు. రబ్బరు మింగే దెబ్బను కూడా అవి ఇనుముకే అందిస్తాయి. బలపరిచాక కూడా, రేసుకు కాకపోతే మామూలు రబ్బరే చాలు. ఫ్లాంజ్‌ల మీద గీసిన గుర్తులు కలిపి, నట్లన్నీ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు టార్క్ పానాతో బిగించండి. దాదాపు 150 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి బిగువు చూడండి, కొత్త రబ్బరు కుదురుకుని నట్టు వదులవుతుంది.

ఇదే పరీక్ష మన దగ్గరి స్టాండర్డ్ హెరాల్డ్‌కీ పనికొస్తుంది. మద్రాసులో ట్రయంఫ్ హెరాల్డ్ ఆధారంగా తయారైన ఆ కారుకూ విడి ఛాసిసే ఉంది. దాని డిఫరెన్షియల్ బిగింపు వేరు కాబట్టి పిన్నుల కథ దానికి వర్తించదు. పక్కలకు పొడుచుకొచ్చిన చేతుల తుప్పు, సస్పెన్షన్ బ్రాకెట్ల మొదళ్లు మాత్రం ఇలాగే చూడాలి.

చివరగా పెయింట్. వెల్డు చుట్టూ ఎపాక్సీ ప్రైమర్, మీరు కట్టిన పెట్టెల లోపలికి చిన్న చిల్లు గుండా మైనం. అడుగున నీరు కారే చిల్లు మూసుకుపోకుండా చూడండి. మైనం వెల్డింగంతా అయ్యాకే, ముందు పోస్తే అంటుకుంటుంది. పైన నల్లటి అండర్‌కోటు మాత్రం మళ్లీ పూయకండి. పిన్నుల చుట్టూ లేత బూడిద రంగు వేసి వదిలేయండి. వచ్చే ఏడాది టార్చి పట్టుకుని కిందికి దూరినప్పుడు, ఎక్కడైనా కొత్త పగులుంటే ఆ లేత రంగు మీద ఎర్రటి గీతై అదే కనిపిస్తుంది.